మనుబోలు అత్త బాకీ

మొన్న మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే ఫోను మోగింది. చూస్తే బ్యాంకు నుంచి మెసేజ్, మా ఇంటి లోను పూర్తిగా తీరిపోయిందని. నేనూ మా ఆయనా నెల్లూరులో ఈ ఇల్లు కట్టుకోవడానికి తీసుకున్న అప్పు అది. జీతం పడగానే మేం చూసేలోపే ఖాతాలోనుంచి వాయిదా కోసుకుపోయేది, చివరిదీ అలాగే పోయింది. మా ఆయనతో చెబితే, అవునా, మంచిదేలే అని మళ్ళీ పేపర్లో పడ్డారు. ఇంత బరువు దిగినా ప్రాణం తేలికపడినట్టే లేదేమిటా అనుకుంటూ కూర్చున్నానో లేదో, మా మనుబోలు అత్త గుర్తుకొచ్చి కళ్ళు నిండిపోయాయి. అప్పు తీర్చడమంటే ఏమిటో నా వయసువాళ్ళకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు గానీ, మా ఇంట్లో ఒక అప్పు తీరిన తీరు ఒక్కటి మీతో చెప్పుకోవాలనిపించింది.

మాది చిట్టమూరు వైపు, సముద్రానికి దగ్గర పల్లె. మా నాయనకు కొద్దిపాటి కయ్యలుండేవి, వరి పండించుకుని తిన్నన్నాళ్ళు మాకు పెద్ద కలిమీ లేదు, పెద్ద దిగులూ లేదు. రొయ్యల పిచ్చి మా వైపు పాకిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పక్క కయ్యవాడు గుంట తవ్వించి ఒక్క పంటతో మిద్దె కట్టాడంటే ఎవరికి మాత్రం ఊరుకోబుద్ధవుతుంది? మా నాయన కూడా కయ్యలన్నీ గుంటలు చేయించి, మేతంతా షాపులో అరువు తెచ్చి రొయ్యలు వేశాడు. మొదటి పంట బాగానే వచ్చింది, ఆ డబ్బంతా మళ్ళీ గుంటల్లోకే పోయింది. రెండో పంట చేతికొచ్చే వేళకు తెల్లమచ్చ తెగులు తగిలి, చచ్చిన రొయ్యలన్నీ గట్టు వారకు కొట్టుకొచ్చాయి. మేత షాపాయన చెడ్డవాడేమీ కాదు, అతని నెత్తిన అతని అప్పులున్నాయి పాపం. అయినా రోజూ తెల్లవారగానే వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు, మా నాయన పెరటి దారిన బయటికి జారుకునేవాడు. చివరికి డబ్బు లేకపోతే భూమి రాసివ్వమనే దాకా వచ్చింది.

అదిగో, అప్పుడు వచ్చింది మా అత్త. మా నాయనకు సొంత అక్క. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. భర్త పోయాక, పిల్లలు కూడా లేకపోవడంతో, మనుబోలులో రోడ్డు పక్కన లారీలవాళ్ళకు ఇడ్లీలు, దోసెలు పోసి అమ్ముకుంటూ ఒంటరిగా బతికేది. వచ్చిన మనిషి మంచినీళ్ళయినా తాగకుండా మెళ్ళో గొలుసు, చేతి గాజులు తీసి కొంగులో మూట కట్టింది. “రేపు మనుబోలుకు రా అబ్బయా, బ్యాంకులో కుదవ పెడదాం. ఆ మనిషికి ఇవ్వాల్సింది ఇచ్చి పంపించెయ్. నువ్వు దొడ్డిదారిన పోతా ఉంటే నేను చూడలేను” అంది. అలా మా భూమి మాకు నిలిచింది, అత్త మెడలో సన్నటి నల్లదారం మిగిలింది.

నేను అప్పుడే నెల్లూరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరాను. హాస్టలు ఖర్చు, బస్సు చార్జీలు ఉంచుకుని మిగతా జీతం అమ్మ చేతికిచ్చేదాన్ని. గుంటలు పూడ్పించి మళ్ళీ వరి వేసుకున్న మా నాయన కూలి పనులకు కూడా వెళ్ళేవాడు. వచ్చిన ప్రతి పైసాలోనూ మా అమ్మ ముందు చర్చికిచ్చే పదో వంతు, దేవుడి దశమభాగం తీసి, తర్వాత అత్త బంగారం వాయిదా తీసి, ఆ మిగిలినదే మనదని చెప్పేది. ఆ మిగిలినదానితో సంసారం ఎలా లాక్కొచ్చిందో ఇప్పటికీ నాకు అంతు చిక్కదు. కూరగాయలు కొనడం మానేసింది, పెరట్లో కాసిందే కూర, లేకపోతే పచ్చిపులుసు. క్రిస్మస్‌కి కొత్త బట్టల ఊసెత్తడానికి మాకే నోరు రాలేదు. ఒకసారి మరీ ఇబ్బందై, కొన్నాళ్ళు దశమభాగం ఆపి ఆ డబ్బు కూడా బంగారానికే కడదామా అని అత్తను అడిగింది. “దేవుడిది ఆపబాకమ్మా. నాదంటావా, అది ఆగుతుంది” అంది మా అత్త.

ప్రతి నెలా మొదటి వారంలో మా నాయన తెల్ల చొక్కా వేసుకుని, గూడూరులో బస్సు మారి మనుబోలు వెళ్ళి, బ్యాంకులో కట్టమని ఆ వాయిదా అత్త చేతిలో పెట్టి వచ్చేవాడు. సెలవు దొరికితే నేనూ వెంట వెళ్ళేదాన్ని. మేం వెళ్ళేసరికి అత్త అంగడి సర్ది, తమ్ముడొస్తాడని చేపల పులుసు పెట్టి ఉంచేది. డబ్బు కొంగున ముడేసుకోవడం ఒక్క క్షణం పని, ఆ తర్వాత ఇద్దరూ గోడకానుకుని వాళ్ళమ్మ సంగతులూ చిన్ననాటి సంగతులూ పొద్దు వాలేదాకా చెప్పుకునేవాళ్ళు. అప్పు కట్టి వచ్చేవాడి ముఖంలో అంత వెలుగేమిటని మేం అనుకునేవాళ్ళం.

ఎన్నాళ్ళకో, ఎన్నేళ్ళకో బంగారం విడిపించాం. మా క్రైస్తవుల ఇళ్ళలో జబ్బు నయమైనా, అప్పు తీరినా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, సంఘం వాళ్ళను పిలిచి భోజనాలు పెట్టడం, ఇంటి యజమాని లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది, విన్న మాటలే అందరి నోటా వస్తాయి. మా నాయన నలుగురిలో మాట్లాడే మనిషి కాదు, లేచి ఆ వరసనే పట్టుకున్నాడు. అప్పులవాళ్ళ చేతిలోనుంచి, శత్రువుల చేతిలోనుంచి దేవుడు మమ్మల్ని విడిపించాడన్నాడు, దశమభాగం ఆపలేదు గనుకే ఇంత మేలు జరిగిందన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. విడిపించిన గొలుసు వేసుకుని, ఆడవాళ్ళ వైపు ముందు చాప మీద మా అత్త కూర్చుని ఉంది. ఆమె మాటే ఎత్తకుండా మా నాయన చెమట తుడుచుకుని కూర్చున్నాడు.

కూడిక అయ్యాక అత్త తానే అందరికీ వడ్డించింది, ఇంత తిన్నది, సాయంత్రం బస్సుకు బయల్దేరింది. ఎక్కించడానికి నేను వెంట వెళ్ళాను. “మీ నాయన బాగానే చెప్పినాడు. నేను కూడా అప్పులోళ్ళలో ఒకదాన్ని అయిపోతినా ఏంది” అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. బస్సు కనబడ్డాక, “అది కాదులే పాపా. ఇంక వాడు నెలనెలా రాడు గదా” అంది. ఆమెను బస్సెక్కించి సంచీ అందించాను.

ఇంటికొచ్చి ఆ మాట మా నాయనకు చెప్పాను. ఆయన గడప మీద కూలబడిపోయాడు. ఆదివారం చర్చిలో లేచి అక్క పేరు చెప్పి సరిదిద్దుకోమంది మా అమ్మ. ఊరందరికీ చెప్పి ఏం లాభం, చెప్పాల్సింది ఆమెకు గదా అన్నాడాయన. మరుసటి నెల మొదటి వారంలో ఎప్పటిలాగే తెల్ల చొక్కా వేసుకుని, ఉత్త చేతులతో మనుబోలు బస్సెక్కాడు. అక్కడ జరిగింది తర్వాత అత్తే నాకు చెప్పింది. వాకిట్లో తమ్ముణ్ణి చూసి, “ఏంది అబ్బయా, ఇంకా ఏమన్నా మిగిలిందా” అని అడిగిందట. “చానా మిగిలిందక్కా” అని అంత మనిషీ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడట. ఆమె కూడా ఏడ్చి, లేచి వెళ్ళి కంచం పెట్టిందట.

మా అత్త మంచాన పడి కన్నుమూసేదాకా ఏ ఒక్క నెలా మా నాయన మనుబోలు వెళ్ళడం మానలేదు. ఇప్పుడు మా బంధువుల్లో ఎవరికి అవసరమొచ్చినా బ్యాంకులున్నాయి, ఫోన్లోనే అప్పులిచ్చే కంపెనీలున్నాయి. ఒకరి బంగారం ఒకరు అడగనక్కర్లేదు, ఒకరి మాటకు ఒకరు నొచ్చుకోనక్కర్లేదు. మంచిదే, కాదనను. మా వాళ్ళలో ఈరోజు ఎవరూ ఎవరికీ బాకీ లేరు, ఎవరూ ఎవరింటికీ రారు.