మూడు చుక్కల దీర్ఘం

నా చూపు డిగ్రీలో ఉండగా పోయింది. చెవులు ఈమధ్య మొరాయించాయి. పక్కన కూర్చుని గట్టిగా మాట్లాడితే తప్ప మా ఆవిడ గొంతు కూడా నాకు అందదు. హైటెక్ సిటీలో నా ఆఫీసు సీట్లో ఉన్నప్పుడు ఆమె మాటలు వేళ్ళ కిందికి వచ్చేవి. ఆమె తెలుగులో మెసేజ్ పెడితే, నా ఫోన్‌కి కలిపిన బ్రెయిలీ డిస్‌ప్లే మీద అక్షరాలు చుక్కలై లేచేవి. అలా రోజంతా పోట్లాడుకునేవాళ్ళం కూడా.

డిస్‌ప్లే ఒక కంపెనీది, దాన్ని నడిపించే ఫోన్ సాఫ్ట్‌వేర్ ఇంకో కంపెనీది. ఆ రెండోవాళ్ళు సొంతంగా డిస్‌ప్లేలు అమ్మడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన అప్‌డేట్‌తో నా డిస్‌ప్లేలో తెలుగు చచ్చిపోయింది. ఇంగ్లీషు మాత్రం నిక్షేపంగా వస్తోంది. ఆఫీసు పనంతా ఇంగ్లీషే కాబట్టి నా గోడు అక్కడ ఎవరికీ పట్టలేదు.

ఆ రెండు కంపెనీల ఆఫీసులూ మాదాపూర్‌లో ఒకే బిల్డింగ్‌లో ఉన్నాయి. మా టీమ్‌లో పక్క సీటు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. వాళ్ళు జవాబులు నా ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేశారు.

"లోపం వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఉందండి, మేం చేసేదేం లేదు" అన్నారు కింది అంతస్తులో ఉన్న నా డిస్‌ప్లే కంపెనీవాళ్ళు.

"వాళ్ళ మెషీన్ పాతదండి. మాది తీసుకోండి, తెలుగు బ్రహ్మాండంగా వస్తుంది" అన్నారు పై అంతస్తులో ఉన్న సాఫ్ట్‌వేర్‌వాళ్ళు.

ఒకే లిఫ్టులో ఎక్కి దిగే మనుషులు! నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్తది కొనే తాహతు నాకెక్కడిది?

"గింతే అన్నా వీళ్ళతోని. ఇగ వదినను గూడ ఇంగ్లీషు అక్షరాలల్లనే తెలుగు రాయమను, పరేషాన్ ఉండదు" అన్నాడు తమ్ముడు.

మా ఆవిడ అలాగే రాయసాగింది. ఏది పొట్టో ఏది పొడుగో ఆ అక్షరాలకు పట్టదు. ఒకసారి ఒక ఎల్ తక్కువ కొట్టి పళ్ళు తెమ్మంటే, పాలు పట్టుకెళ్ళి తిట్లు తిన్నాను. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

మా ఆవిడ నాకు మేనమామ కూతురు. మేనరికం వద్దు, నీ జబ్బు పిల్లలకు రావచ్చని డాక్టరు చెప్పినా ఇంట్లో ఎవరూ వినలేదు. పాప పుట్టినప్పటినుంచీ నన్ను తినేస్తున్న భయం అదొక్కటే.

ఒక మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. పాపకు ఏవో సరిగ్గా లేవని స్కూలు నుంచి ఫోన్ చేశారట, డాక్టరు దగ్గరికి తీసుకుపోతోందట. ఆ 'ఏవో' అన్నచోట కె, ఎ, రెండు ఎల్‌లు, యు ఉన్నాయి. కళ్ళు అనీ చదవొచ్చు, కాళ్ళు అనీ చదవొచ్చు. ముందురోజు చీకటి పడే వేళ పాప మా ప్రగతి నగర్ అపార్ట్‌మెంట్ మెట్ల మీద పడి మోకాలు చెక్కుకుంది. కాళ్ళే అనుకున్నాను. "ఐసు పెట్టు, తగ్గిపోతుంది" అని రాసి, క్యాంటీన్‌కి పోయి కడుపునిండా తిన్నాను. ఆమె మళ్ళీ ఏమీ రాయలేదు.

తెలుగు బ్రెయిలీలో ఆ రెండు మాటలకూ తేడా ఒక్క దీర్ఘం, మూడు చుక్కలు. అది ఉందో లేదో నా వేళ్ళు క్షణంలో చెప్పేవి.

ఇంటికి చేరగానే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఏదో అంటోంది గానీ ఏడుపులో మాట తెలియడం లేదు.

"పాప కాళ్ళు ఎట్లుండాయి?" అని అడిగాను.

ఆమె నా అరచెయ్యి విప్పి వేలితో రాసింది. ముందు 'క' రాసింది. దీర్ఘం గీస్తుందని చెయ్యి చాచి అలాగే నిలబడ్డాను. ఆమె వేలు దీర్ఘం గీయకుండానే పక్కకు జరిగి 'ళ్ళు' రాసింది.