పిన్నికి టికెట్టు కొట్టిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. బీయస్సీ పాసైన ఏడాదిలోనే ఉద్యోగం దొరికి, మెడలో ఫోటో ఉన్న కార్డు వేలాడుతుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది లెండి. మా ఊళ్ళన్నీ అప్పటికింకా కృష్ణా జిల్లాలోనే ఉండేవి, నా జుట్టు ఇంకా నా నెత్తిమీదే ఉండేది. రోజూ పొద్దున్నే నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కి, సిమెంటు లారీల వెనకాల దుమ్ము మింగుతూ వెళ్ళి, పేట ఇవతలే హైవే పక్కనున్న బీరు ఫ్యాక్టరీ దగ్గర దిగేవాణ్ణి. మా అమ్మ చుట్టాలందరికీ మావాడు కెమిస్టు అని చెప్పుకునేది. ఎక్కడ అంటే పేట దగ్గర అనీ, ఏం కంపెనీ అంటే బార్లీ కంపెనీ అనీ చెప్పి, వెంటనే కాఫీ పెట్టే నెపంతో లోపలికి వెళ్ళిపోయేది. నిజానికి నేను కెమిస్టుగా ఉన్నది కొద్ది నెలలే. ల్యాబులో పరీక్షల కంటే కబుర్లే ఎక్కువ చేస్తున్నానని కనిపెట్టి, ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చేవాళ్ళని తిప్పి చూపించే పని నాకు అంటగట్టారు. మాట్లాడినందుకు జీతమిస్తామంటే కాదనే మనిషిని కాను నేను.

అప్పట్లో ఫ్యాక్టరీ చూడ్డం ఉచితం. చూశాక ఒక చిన్న గ్లాసు బీరు కూడా ఉచితం. ఈ రెండో ముక్క పేట చుట్టుపక్కల పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. సున్నపురాయి క్వారీల్లో షిఫ్టు దిగినవాళ్ళు, లారీ డ్రైవర్లు, హైదరాబాదు పెళ్ళికి పోతూ వ్యాను ఆపించిన మగపెళ్ళివారు, అందరికీ ఒక్కసారిగా పరిశ్రమల మీద ఆసక్తి పుట్టుకొచ్చింది. ఒకాయనైతే పొద్దున తెల్ల చొక్కాతో వచ్చి, మధ్యాహ్నం గళ్ళ చొక్కాతో వచ్చి, సాయంత్రం తల తడుపుకుని పాపిడి మార్చుకుని మరీ వచ్చేవాడు. (గుర్తుపట్టినట్టు కనపడితే నొచ్చుకుంటాడేమోనని ప్రతిసారీ కొత్తగా నమస్కారం పెట్టేవాణ్ణి.) నేను ఒళ్ళు మరిచిపోయి యంత్రాల గురించి చెబుతుంటే, వాళ్ళు ఊఁ, ఊఁ, తర్వాత అంటూ గ్లాసులున్న గది వైపు చూపులు సారించేవాళ్ళు. నా మనసు చివుక్కుమనేది.

అందుకని ఒక మీటింగులో లేచి, చూడ్డానికి వచ్చేవాళ్ళకి టికెట్టు పెట్టాల్సిందేనని ఉపన్యాసం ఇచ్చాను. ఊరికే దొరికేదాన్ని ఎవరూ లక్ష్యపెట్టరన్నాను. టికెట్టు పెడితే నిజంగా తెలుసుకోవాలనుకునేవాళ్ళే వస్తారన్నాను. స్టోర్సు చూసే పెద్దాయన ఒక్కడే అడ్డుపడ్డాడు. మన గడప తొక్కి, చూసి పోతామన్న మనిషి దగ్గర డబ్బులు పుచ్చుకోవడం మన వైపు ఎక్కడన్నా ఉందా, పెళ్ళిచూపులకి టికెట్టు పెట్టినట్టుంటుంది అని ఆయన బాధ. మేనేజరు గారు ఇద్దరి మాటా విని నా వైపే మొగ్గారు. "సరే, వచ్చే ఆదివారం నుంచి టికెట్టు. జనం రాకపోతే మాత్రం ఈ గైడు పోస్టు దండగని పైకి రాసేస్తా. నీ ఇష్టం మరి" అన్నారు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంత చిన్న షరతేనా అన్నట్టు నవ్వాను.

ఇక్కడ మా పిన్ని సంగతి చెప్పాలి. పిన్నంటే అమ్మకి చెల్లెలు. నందిగామలోనే, చందర్లపాడు రోడ్డు వైపు ఉంటుంది. నాలుగు గేదెలు, వీధి వీధంతా రోజూ పోసే వాడిక పాలు. ఇల్లు నడిచేది ఆ పాలమీదే. బీరు ఫ్యాక్టరీలో బార్లీని ఉడికించి వడగట్టాక మిగిలే పిప్పి గేదెలకి మంచి దాణా అని పిన్నికి చెప్పింది నేనే. వీరులపాడు వైపు రైతులు అప్పటికే ట్రాక్టర్లతో తోలుకుపోతున్నారు. మా బాబాయి కూడా తేవడం మొదలుపెట్టాడు. గేదెలు లొట్టలేసుకుంటూ తిన్నాయి, పాలు పెరిగాయి, నేను ఎప్పుడెళ్ళినా పిన్ని మీగడ పెరుగు వేసింది. అంతా బాగుందనుకుంటుండగా, బీరు ఫ్యాక్టరీ పిప్పి తిన్న గేదెల పాలు తాగితే మత్తొస్తుందని వీధిలో ఎవరో అన్నారు. ఒకావిడ, తన మనవడు క్లాసులో నిద్రపోతున్నాడని సాక్ష్యం కూడా చెప్పింది. (వాడు ఏ పాలు తాగినా నిద్రపోయేవాడే. వాడికి లెక్కలు చెప్పబోయి నేనూ ఓడిపోయినవాణ్ణే.) ఒక్కొక్కళ్ళే వాడిక మానేశారు. ఆఖరికి పెద్ద టీచరు గారు, అంటే పిన్ని వాళ్ళ వీధిలో ఉండే రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు, కూడా మానేశారు. ఆవిడ మానేస్తే వీధి మానేసినట్టే. పిన్ని మిగిలిన పాలు తోడేసి, చిలికి, దారినపోయేవాళ్ళని పిలిచి మజ్జిగ పోస్తోంది గానీ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆ మౌనం భరించలేక, వాళ్ళందర్నీ ఒకసారి మా ఫ్యాక్టరీకి తీసుకొచ్చేయ్ పిన్నీ, కళ్ళారా చూస్తే వాళ్ళే నమ్ముతారు అని గొప్పగా ధైర్యం చెప్పాను. అప్పటికింకా చూడ్డం ఉచితమే. ఆ తర్వాత మీటింగు హడావిడిలో పడి, ఆ మాటన్న సంగతే మర్చిపోయాను.

ఆదివారం పొద్దున్నే టికెట్ల కట్ట పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. గళ్ళ చొక్కా ఆయన వచ్చి, కొత్త బోర్డు చదివి, ఇన్నాళ్ళ స్నేహం ఇంతేనా అన్నట్టు నావంక చూసి వెళ్ళిపోయాడు. ఆయన తర్వాత పిట్ట కూడా రాలేదు. పైన కిటికీలోంచి మేనేజరు గారు మధ్యమధ్యలో తొంగిచూస్తున్నారు. ఎండ నెత్తిమీదికొచ్చే వేళకి నేను పాత లెక్చరర్ల దగ్గర సిఫారసు ఎలా అడగాలా అని ఆలోచించుకుంటుంటే, హైవే మీంచి బాబాయి ట్రాక్టరు తిరిగింది. వెనక ట్రక్కులో గడ్డి పరుచుకుని, పట్టుచీరల్లో, పూలు పెట్టుకుని పిన్ని వాళ్ళ వీధి ఆడవాళ్ళంతా ఉన్నారు. చేతుల్లో అరటిపళ్ళు, జంతికల డబ్బా. ఒకరింటికి ఖాళీ చేతుల్తో వెళ్ళకూడదు కదా. మధ్యలో కుర్చీ వేసుకుని పెద్ద టీచరు గారు. అందరికంటే ముందు, ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని మా పిన్ని. జనం వచ్చారన్న సంతోషమూ, వచ్చిన జనం ఎవరో తెలిసిన దడా నాకు ఒకేసారి కలిగాయి.

టికెట్టు సంగతి ఎలా చెప్పానో నాకే తెలియదు. బోర్డు వైపు చెయ్యి చూపించి, గొంతు సవరించుకున్నానని మాత్రం గుర్తు. పిన్ని మొహం చిన్నబోయింది.

"సొంత పిన్ని దగ్గర టికెట్టు డబ్బులు తీసుకుంటావంట్రా?" అంది, పక్కవాళ్ళకి వినపడకుండా.

కిటికీలో మేనేజరు గారు నిలబడే ఉన్నారు. నేను బూట్ల వంక చూసుకున్నాను. అప్పుడు పెద్ద టీచరు గారు కుర్చీలోంచి లేచి, "వాడి ఉద్యోగం వాణ్ణి చేసుకోనీ అమ్మాయ్. ఎవరి టికెట్టు వాళ్ళం కొనుక్కుందాం" అని పర్సు తీశారు. అందరూ కొన్నారు. పిన్నికి టికెట్టు చింపి ఇస్తుంటే, గుళ్ళో దేవుడి దగ్గర ప్రవేశ రుసుం వసూలు చేస్తున్నట్టు అనిపించింది. ఈలోగా టికెట్లు కొన్న మొదటి బ్యాచిని చూద్దామని మేనేజరు గారు కూడా కిందికి దిగొచ్చారు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. మా ఫ్యాక్టరీకి మొదట గేటు నైరుతిలో, బార్లీ లారీలు దిగే వైపు ఉండేది. ఒకసారి ఏదో పైపు పగిలితే, నైరుతి నడక మంచిది కాదని వాస్తు ఆయన చెప్పాడట. వెంటనే మేనేజరు గారు మనుషులు నడిచే గేటుని ఈశాన్యానికి మార్పించారు. (మేం చాటుగా ఆయన్ని ఈశాన్యం సారు అనేది అందుకే.) దాంతో లోపలికి అడుగుపెట్టగానే ముందు కనపడేది బీరు తాగే గది. దాని తర్వాత సీసాల హాలు, ఆ తర్వాత బీరు పులిసే పెద్ద ట్యాంకులు, ఆ వెనక బార్లీ ఉడికించి వడగట్టే చోటు, అన్నిటికంటే చివర పిప్పి బయటపడే చోటు. అంటే ఆఖర్న జరిగేది మొదట, మొదట జరిగేది ఆఖర్న. నేను కూడా రోజూ ఆ వరసలోనే చూపించేవాణ్ణి. గ్లాసు కోసం వచ్చినవాళ్ళు ఏది ముందైతేనేం అనుకునేవాళ్ళు కాబట్టి, అందులో తప్పుందని ఎవరికీ తట్టలేదు. నాకసలే తట్టలేదు.

ఆ రోజు కూడా అలవాటు ప్రకారం మొదలుపెట్టాను. సీసాల హాల్లో నురగతో నిండుతున్న సీసాలు చూసి ఆడవాళ్ళు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ట్యాంకుల దగ్గర పులిసిన వాసనకి ఆ నిద్రపోయే మనవడి నాయనమ్మ గారైతే నా భుజం పట్టుకుని నడిచారు. నేను మాత్రం మేనేజరు గారు వింటున్నారన్న ఉత్సాహంలో రెచ్చిపోయి వర్ణిస్తున్నాను. చివరికి వెనక్కి వెళ్ళి, ఆవిర్లు కక్కుతూ గొట్టంలోంచి ట్రాక్టరులోకి పడుతున్న పిప్పిని చూపించి, ఇదిగోనండీ మా పిన్ని గేదెలు తినేది అని ముగించాను. చప్పట్లు కొడతారనుకున్నాను.

"అయితే నిజమేనన్నమాట" అన్నారు పెద్ద టీచరు గారు. బీరు చూశాం, బీరు పులియడం చూశాం, దాన్ని పిండేస్తే ఆఖర్న మిగిలిందీ చూశాం, చెరుకు పిప్పిలో తీపి ఉన్నట్టు బీరు పిప్పిలో బీరు ఉండక ఎక్కడికి పోతుంది అన్నారు. మిగతావాళ్ళు తలలూపారు. వీధిలో ఎవరో పుట్టించిన పుకారుని, నేను టికెట్టు కొట్టి మరీ రుజువు చేసి పెట్టాను. పిన్ని ఫ్లాస్కుని కొంగుకింద దాచుకుంది.

అది కాదండీ, వరస తిరగబడిందండీ, ఇది ముందండీ, బీరు తర్వాతండీ అని తడబడుతూ మళ్ళీ మొదలుపెట్టబోయాను. మేనేజరు గారు చేతి గడియారం చూసుకుని, టికెట్టుకి ఒక్కసారే తిప్పడం, మళ్ళీ చూడాలంటే మళ్ళీ టికెట్టు అన్నారు. (ఆ రూలు కూడా నేను రాసిచ్చిందే.) పెద్ద టీచరు గారు కళ్ళజోడు తీసి ఆయనవంక చూశారు. నలభై ఏళ్ళపాటు స్కూళ్ళని నిశ్శబ్దం చేసిన చూపు అది.

"ఊరికే చూపిస్తే, అర్థం కాకపోయినా నమస్కారం పెట్టి వెళ్ళేవాళ్ళమండీ. టికెట్టు కొన్నాం. ఇక అర్థమయ్యేదాకా చెప్పాల్సిందే" అన్నారు. మేనేజరు గారు ఏదో అనబోతుంటే ఆవిడే మళ్ళీ, "నీళ్ళయినా నైరుతి నుంచి ఈశాన్యానికి పారితేనే మంచిదంటారు గదా. మీ అబ్బాయి పాఠం మాత్రం ఈశాన్యం నుంచి నైరుతికి ఎదురు పాకుతోందేవిటి?" అన్నారు.

మేనేజరు గారి మొహం పాలిపోయింది. ఇన్నాళ్ళుగా జనం ఎటు నుంచి ఎటు నడుస్తున్నారో ఆయనకి అప్పుడే తట్టింది. "వెంటనే ఇటు నుంచి అటు తిప్పవయ్యా" అన్నారు నాతో.

తిప్పాను. ఈసారి ఉపన్యాసం లేదు. నోరెండిపోయి, మామూలు మాటల్లో చెప్పాను. ఇదిగోనండీ బార్లీ, ఇదిగో వేణ్ణీళ్ళు, జావ కాచినట్టు కాస్తాం. ఇక్కడ వడగట్టేస్తాం. పిప్పి ఇక్కడే బయటికెళ్ళిపోతుంది. మిగిలిన తియ్యటి నీళ్ళు మాత్రమే ముందుకి పోతాయి, అవి తర్వాత పులిస్తేనే బీరు. పెద్ద టీచరు గారు అక్కడే ఆగి, ఇక్కడ బీరు ఉందా అని అడిగారు. లేదండీ, ఇంకా పుట్టలేదండీ అన్నాను. ఆవిడ పిప్పి పిడికెడు తీసుకుని వాసన చూసి, రెండు గింజలు నోట్లో వేసుకున్నారు. మా అమ్మాయికి పురిట్లో కాచిపోసిన జావ వాసనే అన్నారు. తర్వాత మనవడి నాయనమ్మ గారూ నోట్లో వేసుకున్నారు. అక్కణ్ణుంచి ట్యాంకుల దాకా, సీసాల దాకా పెద్ద టీచరు గారే ముందు నడిచి, వెనకవాళ్ళకి ఆవిడే చెప్పుకుంటూ పోయారు. నాకు పని లేకుండా పోయింది. అంత సుఖంగా ఎప్పుడూ లేను.

ఈ వరసలో వస్తే చివర్న తగిలేది తాగే గది. టికెట్టులో ఒక గ్లాసు కలిసే ఉంటుంది గనక, రూలు ప్రకారం ఖాళీ గ్లాసులు వరసగా పేర్చి, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాను. పెద్ద టీచరు గారు ఒక గ్లాసు తీసి, వెలుతురుకి ఎత్తి చూసి, పిన్ని ముందు పెట్టారు.

"ఆ ఫ్లాస్కులో టీ నీ గేదెల పాలతో పెట్టిందేనా అమ్మాయ్?"

"అవునండీ" అంది పిన్ని.

"అయితే పొయ్యి. రేపట్నుంచి మా ఇంటికి వాడిక కూడా మామూలుగా పొయ్యి."

పిన్ని ఫ్లాస్కు మూత తీసి, బీరు గ్లాసుల్లో అంచుల దాకా టీ పోసింది. అందరూ తాగారు. జంతికలు పంచారు. మేనేజరు గారు కూడా ఒక గ్లాసు తాగి, టీ బాగుందన్నారు, టికెట్టూ బాగుందన్నారు, రేపట్నుంచి అందర్నీ నైరుతి నుంచే నడిపించమన్నారు. నా ఉద్యోగం నిలబడింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికి, నందిగామ దాటిపోయేదాకా హాయిగా నిద్రపోయాను.

ఈమధ్య మా ఆఫీసులో కుర్రాళ్ళు బెంగుళూరులో ఏదో బీరు ఫ్యాక్టరీ చూసొచ్చి, చూడ్డానికి కూడా టికెట్టేంటి సార్, అన్యాయం కదా అని నన్ను అడిగారు. అన్యాయం కాదు, కొనుక్కున్నారు కాబట్టి అర్థమయ్యేదాకా వదలకండి అని చెప్పాను. అంత తెలివైన మాట నా సొంతం కాదని వాళ్ళకేం తెలుసు. అన్నీ తెలుసనుకుని, వచ్చినవాళ్ళందర్నీ చివర్నుంచి మొదటికి లాక్కుపోయిన, మెళ్ళో కార్డున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, ఇప్పుడు వాడిమీద కోపం రాదు. భుజం తట్టి ఒక గ్లాసు టీ పొయ్యాలనిపిస్తుంది. పిన్నికి గేదెలు ఇప్పుడు రెండే. టీ రుచి మాత్రం అదే. నేను నందిగామ వెళ్ళి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే చాలు, లోపల్నుంచి టీగిన్నె చప్పుడవుతుంది. గ్లాసు చేతికిచ్చేముందు మాత్రం, ఎంత పెద్దవాళ్ళు పక్కన కూర్చున్నా సరే, చెయ్యి వెనక్కి లాక్కుని అడుగుతుంది.

"టికెట్టేదిరా?"