వెంకటకృష్ణయ్య గారి రుచి పరీక్ష

పుదుచ్చేరి పెద్ద మార్కెట్ వెనక సందులో కిరాణా కొట్టు నడిపే వెంకటకృష్ణయ్యకు ఒకే ఒక్క పిచ్చి. కొట్టుకు కొత్తగా ఏ సరుకు వచ్చినా, కడుపుతో ఉన్న ఆడమనిషి రుచి చూసి బాగుందని చెబితే తప్ప మూట విప్పి అమ్మడు. కందిపప్పయినా అంతే, బెల్లమైనా అంతే. "కడుపుతో ఉండే ఆడమనిషి నాలిక్కి కల్తీ తెలిసినట్ల ఇంకెవరికీ తెలవదు పా" అన్నది ఆయన సిద్ధాంతం. ఎవరు చెప్పారండీ అంటే, "మా తాత" అంటాడు. తాతకెవరు చెప్పారని అడిగేలోపు ఆయనకి వేరే బేరం తగులుతుంది.

ఈ పరీక్ష కోసమే కొట్టులో ఒక పేము కుర్చీ ఉంది. అందులో వేరేవాళ్లు కూర్చోకూడదు. ఒకసారి ఎండకి సొమ్మసిల్లిన పోలీసు ఇన్‌స్పెక్టరు తెలియక కూలబడితే, వెంకటకృష్ణయ్య చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు. "ఎన్నో నెల సార్?" ఇన్‌స్పెక్టరుకి ప్రశ్న అర్థమయ్యేసరికే అతను లేచి నిలబడిపోయాడు.

ఎదురుగా ఆటో పెట్టుకునే అణ్ణాదురైకి వేయించిన వేరుసెనగలంటే ప్రాణం. రోజూ పరీక్షకని పెట్టిన పళ్లెంలోకి చెయ్యి పెడతాడు, రోజూ అదే ప్రశ్న. "నీకు ఎన్నో నెల పా?" ఓ రోజు అణ్ణాదురై పొట్ట నిమురుకుని "ఏడు, అన్నా!" అన్నాడు. "అట్లయితే ఆస్పత్రి చీటీ తీసుకోని రా" అని పళ్లెం అవతలికి జరిపేశాడు వెంకటకృష్ణయ్య.

వీధిలో ఎవరూ కడుపుతో లేని రోజుల్లో ఆయన మొహం ముసురు పట్టినట్టుంటుంది. పెళ్లిళ్లకి వెళితే అక్షింతలు వేస్తూనే, "కొంచెం సీక్రంగా కానీండి, కొట్లో మూటలు ఆగిపోయినాయి" అంటాడు. అందుకే కొత్త దంపతులు ఆ సందులోకి రాకుండా చుట్టు తిరిగి పోతారు.

అలాంటి సందులోకి ఓ సాయంత్రం ఉప్మా రవ్వ కోసం కీర్తి వచ్చింది.

కీర్తిది యానాం. మొగుడు మణికంఠకి ఇక్కడి ఆఫీసుకి బదిలీ అయితే వెంట వచ్చింది. నెల తప్పింది మొదలు ఒకటే వాంతులు, మంచినీళ్లు కూడా కడుపులో నిలిచేవి కావు. సంగతి విని కీర్తి తల్లి, పేరు చిన్నమ్మాయి, యానాం నుంచి రెక్కలు కట్టుకుని వాలింది. మెల్లగా వాంతులు తగ్గాయి, ఆకలి మొదలైంది. అసలు చిక్కు అక్కడొచ్చింది. చిన్నమ్మాయి చేతిలో గరిటె మరీ చిన్నది.

"చాల్లే, ఇంక లేవే. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదైపోద్ది. చిన్న బిడ్డయితే పురుడు సులువు" అనేది. ఆవిడేమీ పిసినారి కాదు. చెల్లెలు పెద్ద బిడ్డని కనలేక చచ్చి బతికిన రోజు, గది బయట కూర్చుని విన్న కేకలు ఇంకా ఆవిడ చెవుల్లోనే ఉన్నాయి. ప్రేమకొద్దీ కూతురి కడుపు మాడ్చేది. నడిస్తే కూడా పురుడు సులువని, సాయంత్రమయ్యేసరికి ఏదో ఒక సరుకు వంకన బజారుకి తరిమేది.

ఆ రోజు పొద్దునే డాక్టర్ శృతి చెప్పింది. "బిడ్డ ఎదుగుదల కొంచెం వెనకబడింది. మీకు రక్తం కూడా తక్కువే. గుండె మొదటి వారాల్లోనే రూపం కట్టేస్తుంది. ఫోలిక్ మాత్రలు ముందునుంచీ వేసుకున్నారు, మంచిదే. ఇకమీదట అది పెరిగి గట్టిపడాలంటే మీరు తినేదాంట్లోంచే రావాలి. వచ్చే స్కాన్‌లో గుండెని వివరంగా చూద్దాం. గుండె లోపాలన్నిటికీ తిండే కారణం కాదు, బెంగ పెట్టుకోకండి."

కీర్తికి వినబడింది ఒక్కటే, 'గుండె చూద్దాం' అన్న మాట. అన్ని వారాలు ఏమీ తినలేకపోయానే, ఆ గుప్పెడు గుండెకి నేనే అన్యాయం చేశానా అని బెంగ పట్టుకుంది. మణికంఠ డాక్టరు మాట అత్తగారికి చేరవేస్తే, "డాక్టర్లకేవుంది బాబూ, కోసి తీసేస్తారు" అని తేల్చేసింది.

ఆ బెంగతో, ఖాళీ కడుపుతో కీర్తి కొట్టు మెట్టెక్కింది.

"ఎన్నో నెల మా?" అన్నాడు వెంకటకృష్ణయ్య.

కీర్తి ఉలిక్కిపడి చున్నీ సర్దుకుంది. "నాలుగండి. మీకెలా తెలుసు?"

"ఇంగువ డబ్బా చూస్తానే ముక్కు మూసుకుంటివి గదా. కూచో. నీతో ఒక పని ఉండాది."

పేము కుర్చీలో కూర్చోబెట్టి, వేరుసెనగలూ బెల్లంముక్కా చేతిలో పెట్టాడు. కీర్తి నాలుగు గింజలు నమిలి, "బాగున్నాయండి" అని లేవబోయింది.

"ఏంది, అప్పుడే? మొదటి గుప్పెటకి నాలిక నిద్ర లేస్తాది. రెండో గుప్పెటకి కళ్లు నులుముకుంటాది. మూడోదానికి గానీ తీర్పు రాదు. ఊరికే తినమంటా ఉండానా? నా వ్యాపారం మా ఇది!"

మర్నాడు పప్పు. పచ్చి పప్పు నిజం చెప్పదట, ఉడికితేనే చెబుతుందట. అందుకని లోపల్నించి ఆయన భార్య తాయారమ్మ మునగాకు వేసిన పప్పుని గిన్నెడు అన్నంతో సహా పంపింది. ఆ తర్వాత రాగి జావ, నువ్వుండలు, ఇక్కడివాళ్లు సుండల్ అనే అలసందల గుగ్గిళ్లు. "అన్నం ఎందుకండీ బాబాయిగారూ, పరీక్ష పప్పుకి కదా?" అంటే, "పప్పు ఒంటరిగా ఉంటే బెదిరిపోతాది మా" అన్నాడాయన.

వీరాంపట్టినం నుంచి చేపలు తెచ్చి అమ్మే కనగం కూడా కడుపుతోనే ఉంది. ఆమె అత్తగారు సరుకులు కట్టించుకుని "ఇంక పోదాం రా" అని కుర్చీలో ఉన్న కోడలి చెయ్యి పట్టుకుంటే, వెంకటకృష్ణయ్య కోపంగా లేచాడు. "తీర్పు రాకముందే సాక్షిని తీసుకోని పోతారా?" అత్తగారు ఆ గొంతుకి బెదిరి, మూడో గుప్పెడు అయ్యేదాకా మెట్టు మీద కూర్చుంది.

ఇంటి దగ్గర చిన్నమ్మాయి కూతురి మొహం చూసి మురిసిపోయేది. "ఎంత నిగారింపొచ్చిందే!"

"నడకమ్మా" అనేది కీర్తి.

ఒక సాయంత్రం కీర్తి నోటినిండా సుండల్‌తో ఉండగా, బయట ఏజెంటు కందిపప్పు మూటలు దించాడు. వెంకటకృష్ణయ్య చేరెడు పప్పు తీసి వేళ్ల మధ్య జారవిడిచి, నాలుక దగ్గరికి కూడా తేకుండా, "పోయినేటిది కలిపినావు. తీసుకోని పో పా" అన్నాడు. ఏజెంటు మూటలు తిరిగి ఎత్తుకున్నాడు.

కీర్తి నమలడం ఆపేసింది. జావ తెచ్చిన తాయారమ్మ కొంగు పట్టుకుని, "పిన్నిగారూ, ఆయనకి అంతా తెలుసు కదండీ! మరి నేనెందుకండీ?" అని గుసగుసగా అడిగింది.

తాయారమ్మ నవ్వింది. "మా మురళీధర్ కడుపులో ఉండేటప్పుడు మా అత్త నాకు అర గరిటే పెడతా ఉండె. బిడ్డ చిన్నగా ఉంటే కానుపు సులువంట. కొట్టు నిండా తిండి, నాకు ఆకలి. లేడీ డాక్టరు ఈయన్ని పిలిచి అడిగింది, 'బిడ్డ గుండె కట్టేది తల్లి తినే తిండితోనే. ఇంట్లో సామాను పెట్టుకోని కట్టుబడి ఆపుతావా?' అని. పాపం, అమ్మ ముందర నోరు తెరిచే ధైర్యం ఈయనకి యాడిది? అందుకని నా నోరు తెరిపించినాడు. 'అమ్మా, కడుపుతో ఉండే నాలిక్కే కల్తీ తెలస్తాదంట, తాత చెప్పినాడు' అన్నాడు. వ్యాపారం మాటంటే మా అత్త కాదంటాదా? మూటకి మూడు గుప్పెట్లు అని ఆమే లెక్క పెట్టింది! అప్పుడు మొదలైన అబద్ధం మా. ఇంట్లో సరిగ్గా పెట్టని బిడ్డ ఎవరైనా కనిపిస్తే చాలు, ఈయనకి ఆ అర గరిటె గుర్తొస్తాది."

కీర్తికి కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. ఏమీ ఎరగనట్టు జావగిన్నె అందుకుంది.

స్కాన్ రోజు వచ్చింది. డాక్టర్ శృతి తెర మీదకి చాలాసేపు చూస్తుంటే కీర్తి పక్కనున్న తల్లి చెయ్యి పట్టుకుంది. చివరికి డాక్టరు నవ్వింది. "గుండె చక్కగా ఉంది, నాలుగు గదులూ బాగున్నాయి. ఎదుగుదల కూడా అందుకుంది. ఏం తింటున్నారు?"

"నేను పెట్టిందేనండి!" అంది చిన్నమ్మాయి గర్వంగా.

"ఇంకాస్త పెట్టండమ్మా. పురుడు సంగతి నాకొదిలెయ్యండి."

కీర్తి ఇంటికి వెళ్లనంది. తల్లిని వెంటబెట్టుకుని తిన్నగా కొట్టుకే వచ్చింది. "బాబాయిగారూ, బిడ్డ గుండె బాగుందటండీ."

వెంకటకృష్ణయ్య ఏదో పడిపోయినట్టు బల్ల కిందికి వంగాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. "గుండె సంగతి నాకేం తెలుసు మా, నేనేమన్నా డాక్టరా?" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "కొత్త సెనగలు వచ్చినాయి. కూచో."

తాయారమ్మ తెచ్చిన గుగ్గిళ్ల పళ్లెం చూసి చిన్నమ్మాయి కంగారుపడింది. "ఇంత సాయంకాలం పూట అన్నెందుకే?"

"ఇది తిండి కాదమ్మా, పని. నేను చెప్పందే ఈయన మూట విప్పరు" అంది కీర్తి.

వెంకటకృష్ణయ్య కీర్తి వైపు ఒక్క చూపు చూశాడు. దొరికిపోయానని ఆయనకి తెలిసింది.

చిన్నమ్మాయి విప్పని మూట చూసింది, కాచుకుని నిలబడ్డ జనాన్ని చూసింది. "అయ్యో, వ్యాపారం ఆగిపోతే ఎలా? నేనూ చూస్తానుండండి, నా నాలుకా చురుకే" అని పళ్లెంలోకి చెయ్యి చాపింది.

పళ్లెం టక్కున అవతలికి జరిగింది. "మీకు ఎన్నో నెల మా?"

ఆటోలో అణ్ణాదురై పడీపడీ నవ్వాడు. చిన్నమ్మాయి మొహం ఎర్రబడింది. నవ్వాపుకుంటున్న కూతురి వైపు చూసింది, ఖాళీ అవుతున్న పళ్లెం వైపు చూసింది. "అయితే దానికే ఇంకో గుప్పెడు వెయ్యండి. తీర్పు సరిగ్గా రావొద్దూ?" అంది.