జాజ్ క్యాసెట్టులో సాంచె సప్పుడు

ఆ వయసులో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. డిగ్రీ పూర్తిచేసి సిరిసిల్లలో పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి. అందుకే ప్రతి విషయంలోనూ తీర్పు చెప్పడానికి బోలెడు తీరిక. బాపు దుబాయిలో గుండె ఆగి చనిపోయిన ఏడాది అది. శవపెట్టె వెంట వచ్చిన సంచిలో నాలుగు బట్టలు, ఒక విదేశీ క్యాసెట్టు ఉన్నాయి. కోరుట్ల మామ దగ్గర టేప్ రికార్డర్ అడుక్కొచ్చి పెట్టాం. ఏదో బూరల సంగీతం (జాజ్ అంటారని తర్వాత తెలిసింది). మధ్యలో ఉన్నట్టుండి ఒక మగమనిషి గొంతెత్తి నవ్వాడు.

"మీ బాపే! అచ్చం గట్లనే నవ్వుతుండె!" అంది అమ్మ. వెంటనే ఏడుపు అందుకుంది. "ఎప్పటిదిరా గిది? జెర సూడుర."

ఎందుకడిగిందో ఇంట్లో అందరికీ తెలుసు. చివరిసారి సెలవుకు వచ్చిన మొదటిరోజే, మళ్లీ దుబాయి పోవద్దని అమ్మ పోట్లాడింది. బాపు సెలవంతా ముఖం మాడ్చుకునే ఉండి వెళ్లిపోయాడు. ఆ కోపంతోనే కన్నుమూశాడేమోనని ఆమెకు అన్నం సయించడం లేదు.

సాంచెలు (అంటే మరమగ్గాలు) బాగుచేసే పెద్దబాపు టేపుకు చెవి ఆనించాడు. సంగీతం వెనకాల టకటకమని ఆగకుండా చప్పుడు. "ఇగో, గిది మన కొత్త సాంచె సప్పుడే! లొల్లి అయినంక, తమ్ముడు దుబాయి పోకముందే గదా గది బిగిచ్చింది? అంటే అప్పుడు గూడ గీ టేపే అడిగి తెచ్చి, పాట రికార్డు చేసుకుంట ఇంట్లనే నవ్విండు. కోపం గీపం ఏం లేదు బిడ్డా."

నేనేం తక్కువ తిన్నానా? "అవు పెద్దబాపు, నడుమ మన మేక సుత అర్సింది" అని డిగ్రీ చదువు ముద్ర వేశాను. ఆ పూట అమ్మ అన్నం తిన్నది.

ఈమధ్య తోచక ఫోనులో ఆ ఆల్బం వెతికితే దొరికింది. బాపు పుట్టకముందే, సముద్రాలవతల ఏదో క్లబ్బులో, జనం ముందు వాయిస్తుండగా రికార్డు చేశారట. టకటకలు వాళ్ల డ్రమ్ములవి. మేక వాళ్ల బూర. అదే చోట, అదే నవ్వు. బాపు రెండోసారి చనిపోయినట్టయింది నాకు.

అంతలో పక్కగదిలోంచి అమ్మ వచ్చింది. క్యాసెట్టు పాడైపోయి, ఆ నవ్వు విని ఏళ్లయింది. గోడ పట్టుకుని నిలబడింది.

"గీ ఫోన్ల సుత మీ బాపు ఉన్నడార?"

అన్నీ తెలిసిన ఆ కుర్రాడైతే నిజం అక్కడికక్కడే చెప్పేసేవాడు. ఇప్పటి నాకు అంత తెలివి లేదు. పాట మళ్లీ మొదటినుంచి పెట్టాను.

"ఉన్నడమ్మా. కూసో. ఇప్పుడే నవ్వుతడు."