అబ్బా తడి పైజామాలు

మా నాన్నను మేం అబ్బా అంటాం. మోండా మార్కెట్లో నలభై ఏళ్లు గడియారాలు బాగు చేశాడు. మతిమరుపు మొదలైన మూడేళ్లకు, సీతాఫల్‌మండిలోని మా ఇంట్లో ఆయన గది నుంచి వాసన రాసాగింది. ఒకరోజు నా భార్య బీరువా తెరిస్తే, మడతపెట్టిన దుప్పట్ల మధ్య మూడు తడి పైజామాలు కనిపించాయి.

"ఏందబ్బా ఇది? చిన్న పోరనివా?" అని అరిచాను.

"నావి కాదు. ఎవరో పెట్టిండ్రు," అన్నాడు గోడ వైపు చూస్తూ.

అబద్ధమాడుతున్నాడని నాకింకా కోపమొచ్చింది. సాయంత్రం చాయ్ ఆపించాను, తక్కువ తాగితే తక్కువ తడుపుతాడని. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ శుక్రవారం నమాజుకు పిలిస్తే మంచం మీంచి లేవలేదు. టోపీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"టైమైతుంది, దా అబ్బా."

"నువ్వు పో బేటా. నేను పాక్‌గ లేను."

మనవరాలి పేరు మరిచాడు. పొద్దున ఏం తిన్నాడో చెప్పలేడు. మైల అంటిన బట్టతో అల్లా ముందు నిలబడకూడదన్నది మాత్రం మరవలేదు. పైజామాలు దాచింది నన్ను మోసం చేయడానికి కాదని అప్పుడు తెలిసింది. ఒక్కడినే మసీదుకు పోయి, నమాజయ్యాక ఇమాం సాబ్‌తో చెప్పుకున్నాను.

"బీమారున్నోళ్లకు అల్లా ఆసాన్ చేసిండు, ఎట్ల వీలైతే అట్ల చదవొచ్చు. పరేషాన్ కావద్దని చెప్పు," అన్నాడాయన.

తర్వాత డాక్టరుకు చూపించాం. పరీక్ష చేసి ఇన్ఫెక్షన్ లేదన్నాడు. చాయ్ సంగతి విని అక్కడి నర్సమ్మ తల అడ్డంగా ఊపింది.

"నీళ్లు, చాయ్ బంద్ చేయకుండ్రి. ఆయన అడిగేదాక ఆగొద్దు, టైముకు మీరే తీస్కపోండ్రి."

"బాత్రూంకు పోతవా?" అంటే అబ్బా చిన్నబుచ్చుకుని వద్దనేవాడు. దారి నా భార్యే కనిపెట్టింది. మసీదు నుంచి అజాన్ వినిపించగానే "అబ్బా, వజూ చేస్కుందురు రండి," అనేది. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడమంటే ఆయన వెంటనే లేచేవాడు. ముందు కమోడు, తర్వాత వజూ. తెల్లవారుజాము అజాన్‌కూ మధ్యాహ్నం అజాన్‌కూ మధ్య ఎడం ఎక్కువ కాబట్టి పొద్దున చాయ్ తర్వాత ఇంకోసారి తీసుకెళ్లేవాళ్లం. ఆవగింజంత మరలు బిగించిన ఆ వేళ్లకు పైజామా నాడా ముడి విప్పడం రావట్లేదని కూడా ఆమే గమనించి, ఎలాస్టిక్ వేయించింది.

రెండు వారాలకు అబ్బా నాతో మసీదుకు వచ్చాడు. కుర్చీలో కూర్చుని, వరస మరిచినప్పుడల్లా పక్కవాళ్లను చూస్తూ నమాజు చేశాడు.

తొమ్మిది నెలలు అలా గడిచింది. ఇప్పుడు అజాన్‌కు లేవడం లేదు, డైపర్ వేస్తున్నాం. మొదటిసారి మార్చబోతే, నన్ను పరాయివాడనుకుని చేతులు అడ్డం పెట్టుకుని "బయటికి పో!" అన్నాడు. అప్పటి నుంచి ముందు తువ్వాలు కప్పి, ఏం చేస్తున్నానో చెబుతూ కడుగుతాను. కొన్ని రోజులు కొడతాడు. కొన్ని రోజులు ఒళ్లు ఆరాక నా తల మీద చెయ్యి పెట్టి, "ఎవరి పిల్లగానివి బేటా?" అంటాడు.

"నీ పిల్లగాన్నే అబ్బా."

"మంచిది," అంటాడు.