ముసుగు కింద కాళ్ళు

గాలి లేదు. అయినా విగ్రహానికి చుట్టిన గుడ్డ కదిలింది. అప్పుడు చూసుకున్నాను, నా చేతిలో ఉండాల్సిన మా చిన్నదాని చెయ్యి లేదు.

రేపల్లెలో నాలుగు రోడ్ల కూడలి అది. చుట్టూ బస్సులూ ఆటోలూ. మోకాలెత్తు గద్దె మీద విగ్రహం, దాని చుట్టూ మొనదేలిన ఇనుప ఊచలు. మా పెద్దవాడు నా పక్కనే ఉన్నాడు. వాడి నాలుగేళ్ళ చెల్లెలు ఊచల మధ్య దూరి గుడ్డ కిందికి వెళ్ళిపోయింది.

మా నాన్న తెనాలిలో విగ్రహాలు చేసేవారు. చేయించుకునేవాళ్ళు తెచ్చే ఫొటోల్లో మనిషి నడుం దాకానే ఉంటాడు. అందుకని నాన్న పీట మీద కూర్చుని, తన కాళ్ళు చూసుకుంటూ విగ్రహానికి కాళ్ళు చేసేవారు. ఆయన ఎడమ కాలి చిటికెనవేలు పక్క వేలి మీదకి ఎక్కి ఉండేది. విగ్రహాలకీ అలాగే వచ్చేసేది. ఆయన పోయాక, సెలవు దొరికితే పిల్లల్ని తీసుకుని బాపట్లలోనో రేపల్లెలోనో విగ్రహాలు చూస్తూ నడవడం మాకు అలవాటైంది. పిల్లలు ముఖాలు చూడరు. ముందు కాళ్ళ దగ్గరికే పరుగు.

ఈ కూడలిలోది నాన్న చేసిన చివరి విగ్రహం. ఆవిష్కరించాల్సిన నాయకుడికి తీరిక లేక ముసుగులోనే ఉండిపోయింది. గుడ్డ ఎత్తి చూద్దామని పిల్లలు ఇద్దరూ బతిమాలితే, తప్పు, ఎవరైనా తిడతారు అన్నాను.

"ఏమ్మాయ్, పిల్లని వదిలేసి ఏంటా దిక్కులు చూడటం?" టీ కొట్టు ముందు నుంచి ఒక పెద్దావిడ అరిచింది.

పక్కనున్నాయన నవ్వాడు. "నాయకుడి కంటే ముందు పాపాయే ఆవిష్కరించేసిందండి!"

దాన్ని ఊచల మధ్య నుంచి బయటికి లాగి, అందరి ముందూ వీపు మీద ఒకటి వేశాను. లాగడంలో దాని మోచెయ్యి గీసుకుపోయింది. ఏడుస్తూనే అంది, "తాతయ్య వేలుందమ్మా. ఎక్కి కూర్చుంది."

ఒక్కసారి వంగి చూస్తే నాకూ కనిపించేది. వంగలేదు. జనం చూస్తున్నారని, రైలుకి టైమవుతోందని ఇద్దర్నీ స్టేషన్‌కి లాక్కెళ్ళాను. తెనాలి వచ్చేదాకా చిన్నది నా ఒళ్ళోకి రాలేదు. అన్నని ఆనుకునే కూర్చుంది.

ఇంట్లో దాని మోచేతికి మందు రాస్తుంటే గుర్తొచ్చింది. నాన్న కాళ్ళకి నేను చివరిసారి దణ్ణం పెట్టింది ఆస్పత్రిలో, దుప్పటి మీద నుంచే. అప్పుడూ ఎత్తి చూడలేదు.

ఇవాళ పొద్దున టిఫిన్ దగ్గర చిన్నది నెమ్మదిగా అడిగింది, "ఇంక విగ్రహాలు చూడ్డానికి వెళ్ళమా?"

"ఆదివారం రేపల్లె వెళ్దాం," అన్నాను ఇద్దరితో. "రోడ్డు మీద మాత్రం నా చెయ్యి వదలకూడదు. గుడ్డ నేనే ఎత్తుతాను. ఆ వేలు ఎక్కడుందో మీరు నాకు చూపించండి."