కీలు నొక్కని కంప్యూటర్

ఎండకాలం పగటిపూట నాకు పని చెయ్యబుద్ధి కాదు. గోదావరిఖని చౌరస్త దాటినంక ఒక సందుల నాది సెల్‌ఫోన్ రిపేర్ షాపు. పొద్దంత పగిలిన అద్దాలు, ఉబ్బిన బ్యాటరీలు చూసి చూసి కండ్లు మంటలేస్తయ్, మెడ గుంజుతది. యాభై దాటినంక సన్న వైరు ఒకటి రెండుగ కనవడుతున్నది. అట్ల ఒకనాడు ఫ్యాన్ కింద కుర్చీల ఒరిగి కునుకు తీస్తుంటే ఒకామె వచ్చి కౌంటర్ మీద అట్టపెట్టె పెట్టింది.

"కాకా, ఇది జర చూస్తరా? కొత్తదే. కానీ ఒక్క కీ గూడ నొక్కుతలేదు."

పెట్టె తెరిచిన. లోపల అరచెయ్యంత కంప్యూటర్. ఒకప్పుడు టీవీకి తగిలిచ్చుకునే కంప్యూటర్లు ఉండె గదా, కీబోర్డులనే మిషనంత ఇమిడి ఉండేది, అసొంటిదాన్ని కుదిచ్చి చేసిన్రు. గోధుమరంగు డబ్బా, మీద వరుసగ అక్షరాలు. వేలు పెట్టి నొక్కి చూసిన. ఏదీ కదలలే. భూతద్దం పెట్టుకొని చూస్తే అప్పుడు సమజైంది. కీలన్నీ కలిపి ఒకటే ప్లాస్టిక్ అచ్చు.

"ఇది ఖరాబు కాలేదమ్మా. ఇవి ఉత్తగ చూడనీకె పెట్టిన కీలు. లోపల పాత ఆటలు నింపిన్రు. పక్కనున్న జాయ్‌స్టిక్‌తోని ఆడుకోవాలె, గంతే."

ఆమె మొఖం చిన్నగైంది. "జాయ్‌స్టిక్ మా నాయన చేతికి పట్టు దొరుకుతలేదు కాకా. కీలైతే ఒక్కొక్కటి నొక్కుతడు గదా అని తెప్పిచ్చిన."

అప్పుడు చెప్పింది. వాళ్ల నాయన రిటైరైన గని కార్మికుడు. చలికాలంల పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగైంది. వేళ్లు కదిలిస్తుండాలె అని దవాఖానల రబ్బరు బంతి ఇచ్చిన్రట. ఆయన దాన్ని గోడకేసి కొట్టిండట. ఈమె పెద్దపల్లిల ఒక ఆఫీసుల పనిచేస్తది, సెలవు రోజు బస్సెక్కి వచ్చి పోతది. ఫోన్‌ల ఈ చిన్న కంప్యూటర్ వీడియో చూసి, నాయన చెప్పే ముచ్చట యాదికొచ్చి తెప్పిచ్చింది.

"మీ షాపుల ఆడేటోడట గదా కాకా. రాళ్లు పడే ఆట. డ్యూటీ దిగి బువ్వకు గూడ రాకపోయేటోడని మా అమ్మ ఇప్పటికీ తిడుతది."

రాళ్లు పడే ఆట అనంగనే నాకు మనిషి కండ్ల ముందట నిలబడ్డడు.

అప్పటికి నాకు పెండ్లి కాలే. మా నాయన తర్వాత బొగ్గుబాయిల పని మా అన్నకు పోయింది. నేను ఇదే సందుల ఒక గది పట్టి మూడు టీవీలు, మూడు కీబోర్డు మిషన్లు పెట్టిన. బోర్డు మీద కంప్యూటర్ గేమ్స్ అని రాయిచ్చిన. కంప్యూటర్ అన్న మాట ఉంటె తల్లిదండ్రులు ఏమనకపోయేటోళ్లు, అదొక చదువనుకునేటోళ్లు. నిజం చెప్పాలంటే ఆ కీల మీద ఎవ్వరూ ఒక్క అక్షరం కొట్టలే. కాసెట్ గుచ్చాలె, ఆట రాకపోతె తీసి నోటితోని ఊది మళ్ల గుచ్చాలె. అదే మా కంప్యూటర్ విద్య.

వచ్చేటోళ్లందరు బడి పిల్లలు, కాలేజీ పోరగాండ్లు. వాళ్ల నడుమ ఆయనొక్కడే పెద్దమనిషి. పొద్దటి షిఫ్టు దిగి, తానం చేసి వచ్చినా కంటి అంచులకు బొగ్గు కాటుక లెక్క అంటుకొని ఉండేది. గనిల టింబర్ పని ఆయనది. బొగ్గు తీసినకొద్ది రూఫ్ కిందికి దిగకుండ కర్ర దిమ్మెలు నిలవెట్టేటోడు. నేను అన్నా అంటుంటి, ఆయన నన్ను తమ్మీ అనేటోడు.

ఆ ఆటల ఒక చిన్న బొమ్మ మనిషి మట్టి తవ్వుకుంట పోతడు. మట్టి నడుమ అక్కడక్కడ బండరాళ్లుంటయ్. కింద మట్టి తీస్తే రాయి జారి నెత్తిమీద పడుతది. మొదటిసారి ఆయన ఆడకుండ చానసేపు చూసిండు.

"గీడు కర్ర పెట్టకుండ తవ్వుతున్నడేంది తమ్మీ?"

"ఆటల కర్ర లేదన్నా."

"మరి వీని మీద సర్దార్ లేడా అడిగేటోడు?"

సర్దార్ అంటె గనిల పని, భద్రత చూసేటోడు. గదంత నవ్వింది. ఆయన నవ్వలే. ఆ రోజు నుంచి ఆయన ఆట అందరి ఆట లెక్క లేకుండె. ప్రతి రాయి కింద ఇంత మట్టి దిమ్మె లెక్క వదిలిపెట్టి, చుట్టు తిరిగి తవ్వుకుంట పోయేటోడు. అంత నిమ్మలంగ పోతె ఎనుకనుంచి ఆటల భూతాలు వచ్చి పట్టుకునేటియి. రోజూ ఓడిపోయేటోడు. రాయి పడి మాత్రం ఒక్కసారి చావలే.

ఒకనాడు వచ్చి కూసున్నడు గని జాయ్‌స్టిక్ ముట్టలే. వాళ్ల గ్యాంగుల ఒకాయన మీద ఆ పొద్దున బండ పడ్డదట, పాణం పోయిందట. దవాఖాన నుంచి సక్కగ నా దగ్గరికే వచ్చిండు. చాయ్ తెప్పిస్తే తాగలే. కొద్దిసేపటికి "పెట్టు తమ్మీ" అన్నడు. ఆట పెట్టిన. బొమ్మ మనిషిని కావాలని రాయి కిందికి తోలిండు. రాయి పడ్డది. బొమ్మ మళ్ల లేచి మొదట్ల నిలబడ్డది. మళ్ల తోలిండు. అట్లనే తోలుకుంట కూసున్నడు. తర్వాత తువ్వాల దులుపుకొని లేచి ఇంటికి పోయిండు.

ఇంటింటికి కేబుల్, ఆ ఎనుక ఫోన్లు వచ్చినంక నా గది ఖాళీ అయింది. మిషన్లు పాత ఇనుప సామాన్లోనికి పోయినయ్. ఆయన రిటైరై కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఊరవతల ఇల్లు కట్టుకున్నడని విన్న. ఒకే ఊర్ల ఉండి కలువనే లేదు.

షాపు బందున్న నాడు ఆ ఇంటికి పోయిన. కుర్చీల కూసున్నడు. అంత భుజాల మనిషి అంగీల సగమైండు. నన్ను చూసి మూతి ఒక పక్కకే నవ్వింది. "త...మ్మీ" అన్నడు, మాట ఈడ్చుకుంట. చిన్న కంప్యూటర్‌ను టీవీకి తగిలిచ్చిన. దాంట్ల గూడ తవ్వే ఆట ఒకటి ఉన్నది. మా షాపుల దాని లెక్కనే ఉన్నది గని అదే కాదు. తెర మీద రాళ్లు కనవడంగనే ఆయన ముందుకు వంగిండు. జాయ్‌స్టిక్ చేతికిచ్చిన. వేళ్లు చుట్టుకోలే. జారి కింద పడ్డది. మళ్ల ఇచ్చిన, మళ్ల పడ్డది. మూడోసారి ఆయన చెయ్యి ఎనుకకు గుంజుకున్నడు.

వాళ్ల ఇంటామె, మా వదినె, చీర కొంగుతోని ఆయన మూతి తుడిచింది. "అప్పుడు ఆడి ఆడి నన్ను సతాయిస్తివి, ఇప్పుడు ఆడమంటె ఆడవైతివి" అన్నది. కోపం లేదు ఆ మాటల. అలసట ఉన్నది. లేపుడు, కూసోవెట్టుడు, తినిపిచ్చుడు, తానం చేయిచ్చుడు, అంతా ఆమె ఒక్కతే. ఆమె నడుముకు పట్టీ కట్టుకొని తిరుగుతున్నది.

తిరిగొచ్చేటప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. కరెంటు సామాన్ల దుకాణంల కాలింగ్ బెల్ స్విచ్చులు కొన్న. మొత్తం అరచెయ్యి పెట్టినా నొక్కేటివి. వాటిని ఒక కర్ర స్విచ్‌బోర్డుకు బిగిచ్చి, జాయ్‌స్టిక్ బదులు బటన్లుండే చౌక గేమ్‌ప్యాడ్ ఒకటి ఇప్పి, దాని బటన్ల కాడ వైర్లు అతికిచ్చి ఈ స్విచ్చులకు కలపాలె. చెప్తె అల్కగనే ఉంటది. చేసేటప్పుడు చెయ్యి వణికి గేమ్‌ప్యాడ్ లోపలి ప్లేటు మీద రాగి గీత లేచిపోయింది. అది బేకార్. ఇంకొకటి తెచ్చి మళ్ల మొదలువెట్టిన. గిరాకీ నడుమ నడుమ, కండ్లల్ల నీళ్లు కారుకుంట. ఎందుకు పెట్టుకున్ననా ఈ పని అని ఎన్నిసార్లు అనుకున్ననో. నాకు పైసలిచ్చే పని కాదు, ఎవరు అడిగిన పని కాదు.

బోర్డు తీస్కపోయి, చిన్న కంప్యూటర్‌కు తగిలిచ్చి ఆయన ఒళ్లె పెట్టిన. పైకి, కిందికి, కుడి, ఎడమ, ఒక్కో దిక్కుకు ఒక్కో స్విచ్చు. చచ్చుబడ్డ చేతిని ఎడమ చేతితోని ఎత్తి స్విచ్చు మీద వేసిండు. నొక్కిండు. తెర మీద బొమ్మ ఒక అడుగు కదిలింది. ఇంకో అడుగు. రాయి ముందటికి రాంగనే ఆగిండు. చుట్టు తిరిగిండు.

ఆ దినాలు బాగనే గడిచినయ్. పగటిపూట షాపు షట్టర్ సగం దించి పోయి ఆయన పక్కన కూసుంటుంటి. ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ గనిల బ్లాస్టింగ్‌కు కిటికీ అద్దాలు అదిరేటియి. ఆయన చెయ్యి జరంత జరంత లేస్తున్నది. బిడ్డ పెద్దపల్లి నుంచి ఫోన్ చేసి "నాయన ఆడుతున్నడా కాకా?" అనేది. ఆడుతున్నడు అంటుంటి. ఆమెకంటె నాకే సంబురం ఎక్కువుండె.

ఒకనాడు ఆయన ఆడుకుంట ఆడుకుంట ఆగిండు. బోర్డును ఎడమ చేతితోని పక్కకు నూకిండు.

"చాలు తమ్మీ."

"ఏమైందన్నా? చెయ్యి నొస్తున్నదా?"

చానసేపు మాటలు కూడగట్టుకున్నడు. "యాష్టకొచ్చింది. బతుకంత... తవ్వుడే. ఇంక ఈడ గూడ... తవ్వాల్నా?"

ఆయనకు సంతోషమని నేను అనుకున్న. ఆయన మా సంతోషానికి నొక్కుతున్నడు, బిడ్డ కోసం, నేను కష్టపడి చేసిన బోర్డు కోసం. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినబుద్ధి కాలే.

బిడ్డకు చెప్తె ఫోన్‌ల ఏడ్చింది. ఆమె సెలవుకు వచ్చిన నాడు నేను గూడ అక్కడనే ఉన్న. నాయన ముందట కూసొని "నీకు ఇష్టమనే గదా తెచ్చిన. మరి ఏం కావాల్నో చెప్పు" అన్నది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసిండు, ఆ పడిపోయిన చెయ్యినే. "ఊకె... కూసో బిడ్డా" అన్నడు. ఆమె అట్లనే కూసున్నది. టీవీ నడుస్తనే ఉన్నది, ఆట మొదట్లనే ఆగి ఉన్నది.

అప్పుడు వదినె చేతులు తుడుచుకుంట వచ్చి, బోర్డు తీసి పక్కకు పెడదామని ఎత్తింది. ఏదో స్విచ్చు తగిలి తెర మీద బొమ్మ ఉరికింది. ఆమె ఆగింది. మళ్ల నొక్కింది. కింద కూసొని బోర్డు ఒళ్లె పెట్టుకున్నది.

"ఏందే ఇది, ఎటు నొక్కితె అటు పోతదా?"

ఆమెకు రాయి తెల్వది, రూఫ్ తెల్వది. గనిలకు ఒక్కసారి దిగింది లేదు. ఎదురుంగ ఏది కనవడితె అది తవ్వుకుంట పోయింది. సక్కగ ఒక బండ కిందికి పోయి నిలబడ్డది.

"ఏయ్!" ఆయన కుర్చీల నుంచి కేకేసిండు. "రాయి! రాయి కింద... తవ్వకు!"

రాయి పడ్డది. వదినె నోరు కొంగుతోని మూసుకొని నవ్వింది. మళ్ల అటే పోయింది.

"చెప్తె ఇనవా? ఎడమకు... ఎడమకు పో! దిమ్మె వదులు!"

మేం ముగ్గురం ఆయన దిక్కు చూసినం. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన నోట్లె ఇన్ని మాటలు వరుసగ రాలే. ఆయనకు మాత్రం ఆ సోయి లేదు. మొఖం ఎర్రగైంది, ఎడమ చెయ్యి ఊపుతున్నడు. బిడ్డ లేవబోతె నేను వద్దని సైగ చేసిన.

ఇప్పుడు వదినె రోజూ ఆడుతది. వంటైనంక నడుము వాల్చుకునే ముందట కొద్దిసేపు. ఆయన ముట్టడు. పక్కన కూసొని పని చెప్తడు, తిడుతడు. కొన్నిసార్లు ఆమె కావాలనే తప్పు దిక్కుకు పోతదని నా అనుమానం. అడిగితె "నాకేం తెల్వది తమ్మీ, పిచ్చిదాన్ని" అంటది. ఆయన చెయ్యి అట్లనే ఉన్నది, ఎక్కువ లేస్తలేదు. మాట మాత్రం తేటగైంది. ఇద్దరు అలిసే ఉన్నరు, ఆ అలసట పోయేది కాదు. ఆమె నడుము పట్టీ గూడ పోలే.

నేను వారానికి ఒకసారి పోతున్న. చేసేదేమి లేదు, ఉత్తగ కూసుంట. మొన్న పోయిన నాడు బయట నిప్పులు కురుస్తున్నయ్. వాళ్లిద్దరు టీవీ ముందట తిట్టుకుంటున్నరు. నాకు గోడకు ఆనుకున్నకాడనే కండ్లు మూతలు పడ్డయ్. వదినె చూసి, "షాపు ఎటు పోతది తమ్మీ, మంచంల జర ఒరుగు" అన్నది. ఒరిగిన. లేచేసరికి పొద్దు గూకింది. టీవీ బంద్ చేసి, ఫ్యాన్ నా దిక్కు తిప్పి పెట్టిన్రు. వదినె కింద చాప మీద నిద్రపోయింది. కుర్చీల ఆయన గూడ నిద్రపోతున్నడు. నేను చెప్పులు చేతిల పట్టుకొని సప్పుడు కాకుండ బయటికొచ్చిన.